కడప కొండల్లో సైకిలు సవారి

కడప పేరు చెప్పగానే పై జిల్లాలవారికి రెండే రెండు జ్ఞాపకం వస్తాయి: ఎండ, బండ. ఆ ఊళ్ళోనే పుట్టి, ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెబుతున్న నేను కూడా మొన్న మొన్నటిదాకా ఆ మాటకు తల ఊపినవాణ్ణే. ప్రబంధంలో పర్వత వర్ణన వచ్చినప్పుడల్లా హిమాలయాన్ని గురించీ, వింధ్యను గురించీ గంటసేపు చెప్పేవాణ్ణి. క్లాసు కిటికీలోనుంచి పాలకొండలు కనబడుతూనే ఉండేవి. అటు చూడండర్రా అని పిల్లలతో ఒక్కనాడూ అనలేదు. నేనూ చూడలేదు.

రెండేళ్ళ క్రిందట నన్ను ఆ కొండల్లోకి తరిమింది రసికత కాదు, రక్తపరీక్ష. కాగితంమీది అంకెలు చూసి డాక్టరు పెదవి విరిచాడు. "మాత్రలు నేను రాసిస్తాను సార్. కాళ్ళు మాత్రం మీవే. నడుస్తారో, సైకిలు తొక్కుతారో మీ ఇష్టం" అన్నాడు.

నడక నాకు సాగదు. రోడ్డుమీద నాలుగడుగులు వేశానో లేదో, ఎవరో ఒక పూర్వ విద్యార్థి మోటారు సైకిలు ఆపి "ఎక్కండి సార్, దింపుతా" అంటాడు. కాదంటే నొచ్చుకుంటాడు. అందుచేత సైకిలే శరణ్యమని తేల్చుకున్నాను. ఇరవైఒక్క గేర్ల సైకిలు ఒకటి ఇంటికి తెచ్చాను.

"నలభై నాలుగేండ్లకు సైకిలేంది మీకు? పిల్లోళ్ళు నవ్విపోరూ?" అన్నది మా ఆవిడ. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి అప్పటికే నవ్వుతూ ఉంది.

వరండాలో మంచంమీద కూర్చుని పేపరు చదువుతున్న మా నాయన మాత్రం తలెత్తి కొత్త సైకిలును ముందునుంచీ వెనకనుంచీ చూశాడు. "గువ్వలచెరువు ఘాటు ఎక్కినప్పుడు చెప్పు" అన్నాడు. మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట వెనుక మా ఇంటి కథ కొంత ఉంది.

1980ల చివరి సంవత్సరాల్లో మా నాయన ఘాటుకు ఆవల, రాయచోటి వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఐవారు. ఇంటినుంచి ఇరవై మైళ్ళ పైచిలుకు. రాయచోటి బస్సులు ఉండేవి గాని, ఆ పల్లె బస్సు దారికి బాగా లోపల. పైగా బస్సు చార్జీలు మిగిలితే నాకూ మా చెల్లెలికీ నోటు పుస్తకాలు వచ్చేవి. అందుకని సోమవారం కోడి కూయకముందే నల్ల సైకిలుమీద బయలుదేరేవాడు. వారమంతా అక్కడే వండుకుని తిని, శనివారం చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. హాండిలుకు వేలాడే సంచీలో గువ్వలచెరువు పాలకోవా పొట్లం ఉండేది. ఆ ఊరి పాలకోవా పేరు కడపలో తెలియనివారు లేరు గదా!

ఆ పొట్లం విప్పి నేను అన్న మాట ఒకటి నాకు ఇప్పటికీ బాగా గుర్తు. "నాయనా, మళ్ళీ నలిపేసుకోనొచ్చినావు!" మా నాయన ఏమీ అనేవాడు కాదు. నేను మాత్రం మర్నాడు వీథిలో పిల్లలందరికీ చెప్పుకునేవాణ్ణి: "మా నాయన ఘాటంతా దిగకుండా తొక్కుతాడు తెలుసా?"

అదీ సంగతి. ఘాటు ఎక్కడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. అంతకు ముందు మూడు దారులు తొక్కి కాళ్ళకు అక్షరాభ్యాసం చేయించవలసి వచ్చింది. ఆ దారులు చెబుతాను, వినండి. కడపలో ఉన్నవారికీ, చలికాలంలో కడపకు రాదలచినవారికీ ఉపయోగపడతాయి.

మొదటి దారి: గడప దాటడం

మొదటి వారం దేవుని కడప చాలు. ఊరి చివరనే. చెరువు, చెరువు పక్కన లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడి. తిరుమల వెళ్ళేవారికి ఇదే గడప కనుక కడప అయిందని పెద్దలు చెబుతారు. ఉగాదినాడు ఈ గుడికి ముస్లిం కుటుంబాలు వచ్చి స్వామిని దర్శించుకోవడం ఇక్కడి ఆచారం. మా అమ్మాయి తన పాత సైకిలుమీద నా వెంట వచ్చింది. చెరువు కట్టమీద నన్ను దాటిపోయి, వెనక్కు తిరిగి "రా నాన్నా!" అని పిలిచింది. ఆ పిలుపుకు పౌరుషం వచ్చి ఆ వారమంతా మానకుండా తొక్కాను.

మూడోవారం పుష్పగిరి. కడపకు సుమారు 16 కిలోమీటర్లు. దారి చాలావరకు చదును. పెన్న ఒడ్డున కొండ, కొండమీద గుళ్ళు. పెన్న, పాపాఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి కలిసే చోటు కనుక పంచనదీ క్షేత్రమని పేరు. చెన్నకేశవాలయం గోడల చుట్టూ రామాయణ భారత కథలు రాతిలో చెక్కి ఉన్నాయి. బస్సులో మూడుసార్లు వచ్చి కూడా నేను ఆ గోడలను సరిగా చూడలేదు. బస్సు మనకోసం ఆగదు. సైకిలు మనం అలిసినచోటనల్లా ఆగుతుంది. అలిసినవాడు తప్పకుండా చుట్టూ చూస్తాడు.

రెండవ దారి: రెండు కొండల నడుమ

ఒంటిమిట్ట కడపకు తూర్పున 25 కిలోమీటర్ల పైన ఉంటుంది. తిరుపతి వెళ్ళే రహదారి అదే. కుడి చేతివైపు పాలకొండలు, ఎడమవైపు దూరంగా పెన్న, పెన్నకు ఆవల లంకమల. రెండు కొండల నడుమ రోడ్డు, రైలుపట్టా జంటగా పోతాయి. అటూ ఇటూ ఇంతింత కొండలుండగా మధ్యలో దారి ఇంత చదునుగా ఎలా ఉందని నాకు అనుమానం వచ్చింది. మా కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను.

ఆయన చెప్పింది ఇది. ఈ కడప ప్రాంతమంతా ఒకప్పుడు నీళ్ళు నిలిచిన పెద్ద పల్లం. ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా దానిలో పేరుకున్నాయి. అడుగున ఉన్న పొరల వయస్సు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. అప్పటికి భూమిమీద జంతువన్నది లేదు. కాలక్రమాన ఇసుక గట్టిపడి క్వార్ట్జైటు అనే మొండిరాయి అయింది. బురద పలకరాయి అయింది. సున్నం నాపరాయి అయింది. మన వంటింటి గట్లమీద పరిచే నల్లని కడప బండ ఆ కోవలోదే. వానలూ ఏళ్ళూ మెత్తని పలకరాయిని తిని లోయలు చేశాయి. మొండిరాయి మాత్రం లొంగక కొండలై నిలిచింది. ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివినవారికి కడప పేరు తెలిసేది ఈ రాళ్ళవల్లనేనట. ఇన్నాళ్ళూ 'ఎండ, బండ' అంటే నేను తలవంచుకున్నాను. ఆనాటినుంచి బండ మాట వస్తే తల ఎత్తుతున్నాను.

సైకిలువాడికి దీనిలోని నీతి ఏమంటే, లోయ వెంబడి పోయే దారులు చదును, కొండకు అడ్డంగా పోయే దారులు కష్టం. పటం చూసి కొండలు ఎటు పడుకున్నాయో గమనిస్తే, ఏ దారిలో ఎంత చెమట పడుతుందో ఇంటి దగ్గరే లెక్క వేసుకోవచ్చు.

భాకరాపేట దగ్గర ఎడమకు తిరిగి పెన్న దాటితే సిద్ధవటం కోట. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం అదే. ఆవల లంకమల అడవి. 1900 తరువాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో ఈ ప్రాంతంలోనే మళ్ళీ దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారినే పక్కకు మళ్ళించారు. అది రాత్రిపూట పొదల్లో తిరిగే పక్షి. కనుక పగలు సైకిలుమీద పోయేవారికి కనబడుతుందని ఆశ పెట్టను. అయినా ఆ కలివి పొదల పక్కన కాసేపు ఊరకే నిలబడి రావడంలో ఒక తృప్తి ఉంది.

ఇక ఒంటిమిట్ట కోదండరాముని సంగతి. పోతన మావాడంటే మావాడని ఒంటిమిట్టకూ ఓరుగల్లుకూ ఉన్న పాత తగాదాలో నేను తలదూర్చను. రెండు వైపులా నాకు శిష్యులున్నారు. ఈ గుడి బాగుకోసం కొబ్బరిచిప్ప చేతబట్టి బిచ్చమెత్తిన వావిలికొలను సుబ్బారావుగారిని మాత్రం తలచుకోకుండా రాలేను. ఆయన తిరిగిన ఊళ్ళు ఎన్నో! ఇరవై అయిదు కిలోమీటర్లు తొక్కి ఆయాసపడుతున్న నాకు ఆ చిప్ప జ్ఞాపకం వచ్చి సిగ్గు వేసింది.

మూడవ దారి: గండికోటకు రెండు రోజులు

కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, గండికోట. మొత్తం సుమారు 80 కిలోమీటర్లు. ఒక్కరోజులో పోయి రావాలని ఎవరూ సాహసించవద్దు. కోట దగ్గర పర్యాటక శాఖవారి బస ఉంది. ఒక రాత్రి ఉండి మర్నాడు తిరిగి రావడం పెద్దరికం.

ఈ దారిలో అందం అంతా చివరనే. ఎర్రగుంట్ల చుట్టుపట్ల సిమెంటు కర్మాగారాలు, బండల గనులు, లారీలు. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని తొక్కాలి. కమలాపురం దగ్గర పాపాఘ్ని వస్తుంది. ఏడాదిలో చాలా నెలలు పాదం తడవనంత నీరు కూడా ఉండని ఏరు ఇది. అటువంటిది 2021 నవంబరు వరదల్లో ఇక్కడి వంతెననే కూల్చివేసింది. మా సీమ ఏళ్ళ స్వభావం అంత. ఉంటే ఉపద్రవం, లేకుంటే ఇసుక.

జమ్మలమడుగు దాటాక సుమారు 15 కిలోమీటర్లు. ఎర్రమలలు దగ్గరపడతాయి, దారి మెల్లగా ఎక్కుతుంది. కోటలోకి వెళ్ళి, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యపు కొట్టు దాటి అంచుకు చేరితే కాళ్ళకింద సుమారు 300 అడుగుల లోతున పెన్న. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. ఇక్కడ తెగింది కొండ. అందుకే గండికోట. ఆ మొండిరాతిని కోసింది ఏ ఇనుప పనిముట్టో కాదు, ఏడాదిలో సగం రోజులు కనబడని ఆ నీరే.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు, అప్పటికే ఈ కోటను పట్టుకున్న మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. దారిలో ఒంటిమిట్ట గుడిని చూసి మెచ్చుకున్నాడని చెబుతారు. అంటే నా రెండవ దారినీ, మూడవ దారినీ కలిపి ఆయన మూడు వందల డెబ్బయి ఏళ్ళ కిందటే తిరిగాడన్నమాట. ఆయనకు రత్నాలు కావలసి వచ్చాయి, నాకు సుగరు తగ్గవలసి వచ్చింది. కారణమేదైతేనేం, ఇద్దరం కొండ అంచుదాకా వచ్చాం.

నాలుగవ దారి: ఘాటు

ఇక గువ్వలచెరువు. దూరం చూస్తే కడపనుంచి సుమారు 25 కిలోమీటర్లే. కాని ఇది లోయ వెంబడి పోయే దారి కాదు. పాలకొండలకు అడ్డంగా ఎక్కి రాయచోటి మెట్టమీదికి చేరే దారి. మలుపుమీద మలుపు. పైనుంచి బరువు లారీలు బ్రేకులు కీచుమంటూ దిగుతూ ఉంటాయి. ఇక్కడ జరిగిన ప్రమాదాలు చాలా ఉన్నాయి. కనుక ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. చీకట్లో వద్దు. వానలో వద్దు. పిల్లలను తీసుకువెళ్ళవద్దు. ఆదివారం తెల్లవారగానే ఘాటు అడుగున ఉండాలి. తలకు హెల్మెటు, వెనుక ఎర్రదీపం, రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదులుతూ రావాలి, బిగబట్టకూడదు. మార్చి వచ్చిందంటే ఈ దారులన్నీ మూసివేసినట్టే. అక్టోబరునుంచి ఫిబ్రవరిదాకా మనవి.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఇంటి వెనుక కొట్టంలో ఉన్న మా నాయన పాత సైకిలు దుమ్ము దులిపి, పళ్ళచక్రాల పళ్ళు లెక్కపెట్టాను. ముందు 44, వెనుక 18. అంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు అయిదు మీటర్లకు పైగా కదలాలి. చదునుమీద అది సుఖం. ఎక్కుడులో అయిదు మీటర్ల కొండను ఒక్క తొక్కుతో లాగడమంటే మాటలు కాదు. నా సైకిలుకు చిన్న గేరు వేస్తే ఒక్క చుట్టుకు రెండు మీటర్లే. కొండ అంతే ఉంటుంది. దాన్ని చిన్న చిన్న వాయిదాల్లో చెల్లించుకోవచ్చు, అంతే తేడా.

డిసెంబరులో ఒక ఆదివారం. తెలతెలవారుతుండగా ఘాటు మొదలుపెట్టాను. మొదటి మలుపు ఉత్సాహంతో, రెండో మలుపు పట్టుదలతో ఎక్కాను. తరువాత లెక్క తప్పింది. అన్నిటికన్నా చిన్న గేరులో ఉన్నాను, ఇక మార్చడానికి గేరు లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఒక పెద్ద మలుపులో, కుడిపక్క కొండ గోడలాగా లేచినచోట, పైనుంచి ఒక లారీ వచ్చింది. దాని గాలికి సైకిలు ఊగింది. దిగిపోయాను.

రోడ్డు పక్క పిట్టగోడకు సైకిలు ఆనించి కూర్చున్నాను. కింద కడప లోయ మంచులో ఉంది. మా నాయన సోమవారాలు కళ్ళముందు నిలిచాయి. చీకట్లో బయలుదేరి, వెనక కేరియరుమీద వారానికి సరిపడా బియ్యం కట్టుకుని, ఈ మలుపుకు వచ్చేవాడు. ఇది ఎక్కి, ఆపైన ఇంకా ఎన్నో మైళ్ళు పోయి, తొమ్మిది గంటలకు పిల్లలచేత ప్రార్థన చేయించేవాడు. నేను ఆ గంటకు ఇంట్లో నిద్ర లేచేవాణ్ణి. ఎప్పుడైనా ఒక్కసారి 'నాయనా, కాళ్ళు నొస్తున్నాయా?' అని అడిగానా? ఎంత వెతికినా జ్ఞాపకం రాలేదు. కోవా నలిగిందన్న మాట మాత్రం జ్ఞాపకం వచ్చింది.

మిగిలిన దారి కొంత తొక్కుతూ, కొంత తోస్తూ ఎక్కాను. గువ్వలచెరువులో టీ తాగి, పాలకోవా కట్టించాను. "మీరు తినరా సార్?" అన్నాడు కొట్టతను. "మా నాయనకు" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి పదిన్నర. మా నాయన వరండాలోనే ఉన్నాడు. పేపరు చేతిలో ఉంది గాని, చదువుతున్నట్టు లేడు. పొట్లం ఇచ్చాను. విప్పాడు. సంచీలో అటూ ఇటూ కొట్టుకుని కోవా అంతా నలిగి ముద్ద అయింది. దానివంక చూసి, నావంక చూసి చిన్నగా నవ్వాడు.

"యాడ దిగినావు?" అన్నాడు.

దిగలేదని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. "కొండ గోడ మాదిరి లేస్తుంది చూడు, ఆ పెద్ద మలుపులో" అన్నాను.

"నేను గూడా ఆడే దిగేవాణ్ణి."

"నువ్వు దిగకుండా తొక్కుతావని ఊరంతా చెప్పుకున్నానే!"

"నీవు చెప్పుకుంటివి. నేను ఎప్పుడన్నా అంటినా?" అన్నాడు. "ఆ సైకిలుతో ఆ మలుపు ఎవని తరం? పైదాకా తోసుకుంటా పోయేది. తోస్తా తోస్తా ఆ దినం చెప్పాల్సిన పాఠం మనసులో చదువుకునేది. దాంతో దోవ తెలిసేది గాదు."

మా అమ్మాయి లోపలినుంచి ఫోను పట్టుకుని వచ్చింది. ఫ్రాన్సు దేశంలో 1903నుంచి జరిగే పెద్ద సైకిలు పందెం గురించి వెతికి పెట్టిందట. 1910లో మొదటిసారి పిరనీస్ పర్వతాల పెద్ద కనుమలమీదుగా పందెం నడిపితే, జగజ్జెట్టీలు సైతం సైకిళ్ళు దిగి తోసుకుంటూ ఎక్కారట. ఆ ఏడాది గెలిచిన లాపీజు కూడా కొంత దూరం నడిచినవాడే. ఇప్పుడున్నటువంటి గేర్లు మార్చే ఏర్పాటును ఆ పందెంలో 1937దాకా ఒప్పుకోనేలేదట. ఇదంతా తాతకు చదివి వినిపించింది.

"అయితే వాళ్ళకు పందెం గెలిస్తే దుడ్లు ఇచ్చినారు గదా" అన్నాడు మా నాయన. "నాకు సోమవారం సంతకం పడేది. అంతే!"

పాఠకులకు నేను చెప్పగలిగింది ఇంతే. కొండదారికి రావడానికి ఖరీదైన సైకిలు అక్కరలేదు, పెద్ద బలమూ అక్కరలేదు. దిగి తోయడానికి సిగ్గుపడకుంటే చాలు. మీ ఊరి కొండకు కూడా ఒక దారి ఉండే ఉంటుంది. ఆ దారిన మీ ఇంటి పెద్దలెవరో మీకోసం రాకపోకలు చేసే ఉంటారు. ఎక్కి వచ్చి వాళ్ళను ఒకమాట అడగండి.

నలిగిన కోవాలో చిటికెడు తీసి మా నాయన నాకు అందించాడు. డాక్టరు మాట జ్ఞాపకం ఉంది. అయినా కాదనలేదు. ఇంత నలిగిన కోవా ఇంత బాగుంటుందని నాకు చిన్నప్పుడు తెలియలేదు.